చెప్పు

మొదలు పోయింది కుడికాలి చెప్పు.
గట్టుప్పల్ల బస్సెక్కి
చండూరు దాటినంక చూసుకున్న,
ఒక కాలుకున్నది, ఒక కాలుకు లేదు.
ఎక్కడ జారిందో కాలుకే తెలువది.
కండక్టర్ నవ్విండు, నేనూ నవ్విన.
నాకప్పుడు ఇరవయ్యారు.

తర్వాత మగ్గం గుంతల
తొక్కుడు చెక్క మీద పాదం నిలవకపోయేది.
నాడె ఉరుకుతున్నది, చెయ్యి ఉరుకుతున్నది,
కింద కాలొక్కటే
వేరే ఎవలదో అన్నట్టు వేలాడేది.

ఊరంత ఒకటే మాట: నీళ్లు.
మా దిక్కు ఎవల నడుం వంగినా నీళ్లే,
ఎవల మోకాళ్లు ముడుచుకున్నా నీళ్లే.
ఆ బోరునీళ్ల లెక్కల
నా కాళ్లు గూడ కలిపిన్రు.
మర్రిగూడెం నుంచి చీరకొచ్చిన ముసలాయన
నా నోరు తెరిపించి పండ్లు చూసి
"నీది మా రోగం కాదు బిడ్డా,
మాది బొక్క బిగిసేది,
నీది కండ కరిగేది" అన్నడు.
డాక్టర్లకంటె నాలుగేండ్లు ముందే అన్నడు.

నల్లగొండల కాల్షియం గోలీలు,
మిర్యాలగూడల నరాల సూదులు,
దేవరకొండ అవతల ఏదో తండాల పసరు కట్టు.
ఆఖరికి హైదరాబాదుల పిక్క కోసి
చింతగింజంత కండ తీసిన్రు.
నెత్తురు ఎక్కడికో పంపిన్రు.
మూడు నెలలకు ఒక కాయితం వచ్చింది.
దాంట్ల పేరుకు నా నోరు తిరగలే.
భార్గవ్ చదివిండు, పన్నెండేండ్ల పోరడు,
చదువుకుంట చదువుకుంట
నడిమిట్ల ఆగిండు.

మందు లేదన్నది డాక్టరమ్మ.
"మీ అమ్మానాయినలు దగ్గరి చుట్టాలా?"
మా నాయిన మా అమ్మకు సొంత మేనబావ.
అదే చెప్పిన.
ఇంకేం అడగలే, రాసుకున్నది.

నాకు సమజైన తీరు ఇది:
నేసేటప్పుడు పుట్టదు పువ్వు.
అంతకు ముందే, నూలు తెల్లగున్ననాడే,
సైకిల్ ట్యూబు పీలికతోని
చిటికి కట్టిన కాడ రంగు అంటదు.
అమ్మ నూలుల ఒక చిటికి,
నాయిన నూలుల ఒక చిటికి,
రెండూ ఒక్క తావునే పడ్డయి.
అమ్మకు ఇట్ల చెప్తే
"నేను కట్టలేదు కొడుకా" అన్నది.
ఆ రాత్రంత కూసోని ఆసు పోసింది.

మొన్న మాఘంల మునుగోడు నుంచి
చెల్లె అండాలు వచ్చింది.
టెంకాయ, తమలపాకులు, అరకిలో కోవా.
"నీ కొడుకు, నా బిడ్డ.
బయటి సంబంధాలెందుకన్నా,
మనం మనం" అన్నది.

కోవా ముట్టలే నేను.
వద్దన్న.
ఆ పాత కాయితం సందుగల నుంచి తీసి
ముందల పెట్టిన. అది చదవలే.
"నా బిడ్డ నీ కంటికి ఆనలేదా?
నీ కాళ్లు మంచిగుంటె
ఈ మాట అంటుంటివా?"
నా కాళ్లు మంచిగుంటె
ఈపాటికి పప్పన్నం తినేటోళ్లం చెల్లే.

తలుపు సాటున భార్గవ్ నిలబడ్డడు.
ఆ పిల్లకూ వీనికీ ముందే మాటున్నదని
అప్పుడెరుకైంది నాకు,
వాడు నిలబడ్డ తీరుకే.

కొంగు దోపుకొని లేచింది.
టెంకాయ మాత్రం తీసుకపోలే.
వాకిలి దాటి సిమెంటు రోడ్డు మీద
నాలుగడుగులు, అయిదడుగులు.
ఎడమకాలి చెప్పు జారి
మోరీ పక్కన బోర్ల పడ్డది.
ఆమె నడుస్తనే ఉన్నది.

ఆ నడక నాకెరుకే.
మోకాలు జరంత ఎక్కువ లేపి
పాదాన్ని దబ్బున విడిసే నడక,
పొడి నేల మీద
బురదల నడిచినట్టు.

గోడ పట్టుకొని గడప దాక వచ్చిన.
అరిచిన.
"చెల్లే, చెప్పు!"

మళ్లి చూడలే.
"ఇంకేం చెప్పాలన్నా,
చెప్పేదంత నువ్వే చెప్తివి గద" అన్నది.

భార్గవ్ అప్పటికే ఉరికిండు,
ఆ చెప్పు చేతుల పట్టుకొని
మునుగోడు బస్సు దిక్కు.